ఎగువకు పోయిన చెక్కముక్క

ఈ రోజు జనవరి పదిహేడు, శుక్రవారం. నిన్న మధ్యాహ్నం నీళ్ళలో కట్టేసిన మా దోనె ఈ ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు బురదలో కూర్చుని ఉంది. నీళ్ళు దానికి ఇరవై అడుగుల దూరాన ఉన్నాయి. ఈ రోజు చూసిన వింతల్లో అది మొదటిది.

నా పేరు, తండ్రి పేరు, చిరునామా పై కాగితంలో రాశారు. వయసు పంతొమ్మిది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈత వచ్చు. సాయంత్రం అయిదూ నలభైకి ఇన్‌స్పెక్టర్ గారి గదిలో, ఆయన అడుగుతుండగా చెబుతున్నాను. స్టేషన్ రైటర్ గారు రాస్తున్నారు.

కనిపించకుండా పోయిన మనిషి మా మేనత్త, మా నాన్నకు అక్క. వయసు యాభై ఎనిమిది. పడవల కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్ళు వడ్రంగి పని చేసింది. అక్కడ అందరూ ఆమెను మేస్త్రి అనేవారు. అన్నేళ్ళూ పడవలు చేసి ఇచ్చింది గానీ, తను ఏ పడవలోనూ కార్ఖానా ముందున్న వంపు దాటి పోలేదు. పని మానేశాక మిగిలిన పలకలతో ఈ దోనె చేసుకుంది. పద్నాలుగు అడుగుల పొడవు, ఇద్దరికి సరిపోతుంది. రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. అందులో సముద్రం దాకా వెళ్ళాలని తన కోరిక. సెలవులు కాబట్టి నేను తోడు బయలుదేరాను. డిసెంబరు పదో తేదీ ఉదయం కార్ఖానా మెట్ల దగ్గర నీళ్ళలోకి దిగాం. ఈ రోజుకు ముప్పై తొమ్మిది రోజులు. అత్తకు ఫోన్ లేదు. నా ఫోన్ తొమ్మిదో రోజు తడిసి పాడైంది. అత్త చేతి గడియారం నా దగ్గర ఉంది. గంటలూ నిమిషాలూ అందులో చూసి చెబుతున్నవే.

మాకు మూడు అలవాట్లు ఉండేవి. అవి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నది పెద్ద వంపు తిరిగిన చోట ఒకరు దోనె నడపాలి, ఒకరు అడ్డదారిన నేల మీద నడిచి వంపు దిగువన కలవాలి. నడిచేవాళ్ళు మంచినీళ్ళ డబ్బా నింపుకుని రావాలి. ఇది మొదటి అలవాటు.

రెండోది గుర్తు. అత్త కోసిన ప్రతి పలక మీద పెన్సిల్‌తో ఒక గీత, గీత చివర ఒక కొస ఉంటుంది. కొస ఎటు ఉంటే పడవ ముందు భాగం అటు. దారిలోనూ అంతే. నాకంటే ముందు కదిలితే ఏ కర్ర మీదో ఆ గుర్తు పెట్టి, తను వెళ్ళిన వైపు కొస చూపించేది.

మూడోది చెక్కముక్క. పొగమంచులోనో లంకల మధ్యనో దారి తెలియకపోతే, బిస్కెట్ డబ్బాలోంచి ఒక చెక్కముక్క తీసి నీళ్ళలో వేసి, అది ఎటు పోతే అటు పోవాలి. "నీరు పల్లమెరుగు. మనకు తెలియకపోయినా దానికి తెలుసు" అనేది అత్త. ముప్పై ఎనిమిది రోజులు చెక్కముక్క తప్పలేదు.

నిన్న మేం పోట్లాడుకున్న మాట నిజం. మధ్యాహ్నం రెండు గంటలకు ఇటుక బట్టీ రేవు దాటుతున్నాం. రేవు పడవాయన గట్టు మీదనుంచి అరిచాడు: "ఏమ్మా, ఇక్కణ్ణించి నీళ్ళు చూసుకుని వెళ్ళండి!" ఆగి అడుగుదాం అన్నాను.

"ముప్పై ఏళ్ళు పడవలు చేసినదాన్ని. నీళ్ళెలా ఉంటాయో ఇంకొకర్ని అడగాలా?" అంది అత్త.

"పడవలు చేశావు, నదిని చెయ్యలేదుగా."

"నోరు బాగానే తిరుగుతోంది. చెయ్యే తిరగట్లేదు. తెడ్డు వేస్తున్నావా, టీలో చక్కెర కలుపుతున్నావా?"

నిజానికి రెండు రోజులుగా పొద్దుటిపూట తెడ్డు బరువుగా ఉండేది. అత్త నా బద్ధకం అనేది. నేనూ అదే అనుకున్నాను.

"అయితే ఒక్కదానివే వెళ్ళు. నేను బస్సెక్కుతాను" అన్నాను.

"ఎక్కు. దోనెకు బరువైనా తగ్గుతుంది."

రేవాయన విన్న మాటలు ఇవే. ఆయన ఫోన్‌లో మీకు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయితే అది పోట్లాట మాత్రమే. మేం ముప్పై తొమ్మిది రోజుల్లో ముప్పై రోజులు పోట్లాడుకున్నాం.

మూడున్నరకు పెద్ద వంపు మొదట్లో ఉన్న పాత పంపుహౌస్ దగ్గర ఆగాం. అందులో మోటార్లు లేవు, తలుపుల్లేవు, గోడ వెంట తుప్పు పట్టిన గొట్టాలు ఉన్నాయి. దోనెను నీళ్ళలోనే కట్టేసి లోపలికి వెళ్ళాం. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా రొట్టెలు తిని పడుకున్నాం. మళ్ళీ ఎవరమూ బయటికి వెళ్ళి దోనెను చూడలేదు. చూసి ఉంటే నీళ్ళు దిగడం తెలిసేది.

ఈ ఉదయం దోనె బురదలో ఉండడం చూసి అత్త, "పైన ఎక్కడో ఆనకట్ట మూసి ఉంటారు" అంది. ఆ మాట నాకు సరిగ్గానే తోచింది. ఆరున్నరకు నీళ్ళ డబ్బా తీసుకుని అడ్డదారిన బయలుదేరింది. దారి రెండు కిలోమీటర్లు. వంపు చుట్టూ నదిలో తొమ్మిది కిలోమీటర్లు. దిగువ రేవులో, ఎర్ర రేకుల షెడ్డు దగ్గర కలవాలి. వెళ్తూ వెనక్కి తిరిగి, "బస్సెప్పుడే పంతులమ్మా?" అంది. నేను నవ్వలేదు. నవ్వి ఉండాల్సింది.

దోనెను బురదలోంచి నీళ్ళలోకి తోసేసరికి ఏడు. పొగమంచు దట్టంగా ఉంది. నది మధ్యకు వెళ్ళాక రెండు గట్లూ కనిపించలేదు. పక్కనుంచి ఏదో మోటారు బోటు పోయింది. దాని అలలకు దోనె రెండు మూడు సార్లు తిరిగింది. ఇక ఏది ఎగువో ఏది దిగువో తెలియలేదు. లోపల అత్త పెట్టిన గుర్తు దోనెకు ముందేదో చెబుతుంది గానీ, నదికి ముందేదో చెప్పదు. ఏడూ ఇరవై అయిదుకు చెక్కముక్క వేశాను. అది తిన్నగా, తొందరగా పోయింది. దాని వెంట పోయాను. తెడ్డు తేలిగ్గా పడింది. నా చెయ్యి తిరిగిందని, అత్త ఉంటే చూసేదని అనుకున్నాను.

తొమ్మిదీ పదికి మంచు విడిపోయింది. ఎదురుగా ఇటుక బట్టీ గొట్టం కనిపించింది. ముందు, ఇది ఇంకో బట్టీ అనుకున్నాను. గొట్టానికి నిన్న చూసిన పగులే ఉంది. గట్టున నిన్న ఆరేసిన పచ్చ దుప్పటే ఉంది. అయినా ఇంకో బట్టీ అనే అనుకున్నాను. మనిషి కూడా నిన్నటి మనిషే అయ్యేసరికి నాకు భయం వేసింది.

"అదేంటమ్మా, మళ్ళీ వచ్చావు? పెద్దావిడ ఏది?" అన్నాడు రేవు పడవాయన.

"దిగువన ఉంది."

"మరి నువ్వు ఎగువకు వచ్చావేంటి?"

"నీళ్ళతోటే వచ్చానండీ."

ఆయన కాసేపు నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు. ఇక్కడ సముద్రపు పోటు వస్తుందట. రోజుకు రెండుసార్లు నీళ్ళు వెనక్కి నడుస్తాయట. ఆరు గంటలు పైకి, ఆరు గంటలు కిందికి. నిన్న చెప్పబోయింది అదే. "ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాను. ఏరు దాటకముందే మనిషిని వదిలేసి వచ్చేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా. కూర్చో. పన్నెండున్నర దాకా నీళ్ళు తిరగవు" అన్నాడు.

నేను కూర్చోలేదు. గట్టు వెంట ఎదురు తెడ్డు వేశాను. మూడు గంటల్లో నాలుగు కిలోమీటర్లు కూడా రాలేదు. పన్నెండున్నరకు నిజంగానే నీళ్ళు ఆగాయి, తర్వాత తిరిగాయి. నేను నది మీద నమ్మకం పెట్టుకోవాలో మానుకోవాలో తెలియలేదు. ఒంటిగంటా ఇరవై అయిదుకు పంపుహౌస్‌ను అవతలి గట్టు వైపునుంచి దాటాను. దానివైపు చూడలేదు. అక్కడ ఎవరూ ఉండరని నా నమ్మకం.

రెండూ యాభై అయిదుకు దిగువ రేవు చేరాను. అత్త లేదు. నిండిన నీళ్ళ డబ్బా ఉంది. షెడ్డు కాపలాదారు చెప్పిన ప్రకారం, అత్త ఏడూ ముప్పావు ప్రాంతంలో వచ్చి కూర్చుంది. పదిన్నర దాకా చూసింది. తర్వాత జేబులోంచి ఏదో తీసి నీళ్ళలోకి విసిరింది. దాన్ని చూస్తూ నిలబడి, పెద్దగా నవ్విందట. "పాపం, మతి చలించిందేమో అనుకున్నా" అన్నాడు. ఆయన టీ పెట్టుకుని వచ్చేసరికి ఆమె లేదు. ఎటు వెళ్ళిందో ఆయన చూడలేదు. పోలీసులకు ఫోన్ చేసింది ఆయనే.

ఇన్‌స్పెక్టర్ గారు చెప్పింది ఇది. ఒకటే బోటు ఉంది. రేపు తెల్లవారాక సముద్రం వైపు పంపిస్తారు, ఎందుకంటే ఆమె సముద్రానికని బయలుదేరిన మనిషి. అలాగే కానివ్వండి అన్నాను.

ఆరూ అయిదుకు కానిస్టేబుల్ గారు రేవులో తీసిన ఫొటోలు చూపించారు. మా దోనెను స్టేషనుకు తెచ్చేముందు తీసినవి. నాలుగో ఫొటోలో, నేను తాడు కట్టిన కర్ర గుంజ ఉంది. తాడు విప్పేశాక దాని కింద పెన్సిల్ గీత, గీత చివర కొస కనిపిస్తున్నాయి. నేను గుర్తు మీదే తాడు కట్టాను. రెండు గంటలు దాని పక్కనే నిలబడి అత్తను కేకలు వేశాను.

కొస ఎర్ర షెడ్డు వైపు ఉంది. అడ్డదారి షెడ్డు వెనకనుంచే మొదలవుతుంది. అంటే అత్త సముద్రం వైపు వెళ్ళలేదు. చెక్కముక్క ఎగువకు పోవడం చూసింది. నన్ను అది ఎక్కడికి తీసుకుపోయి ఉంటుందో అర్థమై నవ్వింది. నన్ను వెతుక్కుంటూ పంపుహౌస్ వైపు వెనక్కి నడిచింది. నేను వంపు చుట్టూ వచ్చాను, ఆమె వంపుకు అడ్డంగా వెళ్ళింది.

ఇది చెప్పాక ఇన్‌స్పెక్టర్ గారు రైటర్ గారిని ఆగమన్నారు. ఆ దారిలో ఒక కాలవ ఉందన్నారు. పొద్దున ఏడింటికి మోకాలి లోతు. పోటు మీద, పదకొండింటికి, మనిషి లోతు. అత్తకు ఈత రాదు. ఇది రాయమని నేనే అడిగాను: పడవలు చేసే మనిషికి ఈత రాదు.

అప్పుడు పంపుహౌస్ దగ్గర విన్న చప్పుడు గుర్తొచ్చింది. నేను దాటుతున్నప్పుడు ఆ వైపునుంచి ఇనుము మీద కొడుతున్న చప్పుడు వచ్చింది. ఎవరో పనివాళ్ళు అనుకున్నాను. పంపుహౌస్‌లో పనివాళ్ళు లేరు. నిన్న అక్కడే పడుకున్నదాన్ని, ఆ సంగతి నాకు తట్టలేదు.

"ఇందాకటినుంచీ ఇది ఎందుకు చెప్పలేదు?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

అది చెప్పాల్సిన సంగతని తెలియలేదన్నాను.

"చూడమ్మా, ఉన్నది ఒకటే బోటు. నిజంగా వినిపించిందా? లేక వినిపిస్తే బాగుండుననిపిస్తోందా?"

నాకు మాటలంటే ఇష్టం. ఒక మాట బదులు ఇంకో మాట పెట్టి చూసుకోవడం ఈ ఏడాదే అలవాటైంది. ఇక్కడ ఆ పని చేయకూడదు. అందుకని విన్నదాన్ని మాత్రం వేరుచేసి చెప్పాను. చప్పుడు విన్నాను. ఇనుము మీద చప్పుడు. ఒకసారి కాదు, చాలాసార్లు. నేను దాటిపోయాక కూడా వచ్చింది. ఇంతవరకు విన్నదే. ఒకటి మెల్లగా, రెండు గట్టిగా అన్నట్టు ఉంది, అత్త మేకు కొట్టే తీరు అదే. ఈ వరస మాత్రం అప్పుడు లెక్కపెట్టలేదు, ఇప్పుడు ఇక్కడ కూర్చుని లెక్కపెడుతున్నాను. కాబట్టి అది రాయవద్దన్నాను. ఇన్‌స్పెక్టర్ గారు, వద్దన్న సంగతితో సహా రాయమన్నారు. బోటు ఎగువకు పంపమని ఫోన్ చేశారు. పంపుహౌస్‌కు బండి దారి లేదు, ఈ మంచులో బోటు కదలదు, మనుషులు నడిచి కాలవ చేరేసరికి మళ్ళీ పోటు ఎక్కుతుంది, చీకట్లో దాటడం కుదరదు. తెల్లవారే దాకా ఆగాలి. అత్త దగ్గర స్వెటర్ ఉంది. నీళ్ళు లేవు. డబ్బా ఇక్కడ ఈ బల్ల మీద ఉంది.

రాసింది నాకు చదివి వినిపించారు. ఇందులో విన్నాను అని ఉన్న చోట విన్నాను, చూశాను అని ఉన్న చోట చూశాను, అనుకున్నాను అని ఉన్న చోట అనుకున్నాను మాత్రమే. ఎవరి బలవంతమూ లేదు. నా చేత్తో సంతకం చేస్తున్నాను.

(సంతకం)
సాయంత్రం ఆరు గంటల యాభై నిమిషాలు

సంతకం కింద ఇది చేర్చమని అడిగాను, ఒప్పుకున్నారు: రేపు శనివారం. నీళ్ళు ఎప్పుడు తిరుగుతాయో రేవు పడవాయనకు ఫోన్ చేసి నేనే అడిగాను. ఆరూ యాభైకి పోటు మొదలవుతుందన్నాడు. ఆరున్నరకు ఇద్దరు కానిస్టేబుళ్ళు అడ్డదారిన, కాలవ మోకాలి లోతున్నప్పుడే నడుస్తారు. బోటు ఆరూ యాభైకి నీళ్ళతోపాటు ఎగువకు బయలుదేరుతుంది. నేను బోటులో ఉంటాను, నీళ్ళ డబ్బా పట్టుకుని, పంపుహౌస్ ఉన్న గట్టు వైపు కూర్చుంటాను.