అమ్మానాన్నల ఆట

తాటిపాక బడి నుంచి బస్సులో నిలబడే వచ్చిన టీచరు చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూలబడింది. పక్కనే ఐదేళ్ళ కూతురు లక్కపిడతల్లో ఇసుక వండుతోంది.

"ఎవరికే వంట?"

"నాన్నగారికీ తమ్ముడికీ. నేను అమ్మని."

"మరి నువ్వెప్పుడు తింటావే?"

"వాళ్ళు తిన్నాక. అమ్మలు ముందు కూర్చోకూడదు."

"ఎవరు చెప్పేరే?"

"ఎవరూ చెప్పలేదు. రోజూ చూస్తున్నాను కదా."

ఆమె చెప్పులు విప్పి అరుగు కిందికి తోసింది.

"ఈవేళ అందరం కలిసి తిందాం. నాన్నగారే వడ్డించుకుంటారు."

"నాన్నగారికి రాదమ్మా. మగాళ్ళు కదా!"

"వస్తుంది. నేను లేవను, చూడు."

వీధిలో స్కూటరు ఆగింది. కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టేదాకా తను లేచిన సంగతే ఆమెకు తెలియలేదు.

గుమ్మంలో నిలబడి పిల్ల చప్పట్లు కొట్టింది.

"నాకంటే నువ్వే బాగా ఆడుతున్నావమ్మా!"