మక్కల పాటకు ముద్ర

గీ పుస్తకాలల్ల ఒక్క బొమ్మన్న నవ్వుతున్నదా సార్? మీరే చెప్పుండ్రి. గీ తాత మొఖం చూడుండ్రి, పన్ను నొప్పితోని దవాఖానకు పోయినట్టున్నడు. కింద ఏం రాసిన్రు? సత్... ప్ర... సత్ప్రవర్తన. అయ్యో దేవుడా! ఒక్క మాటల ఎన్ని ఒత్తులు! గది నేను కూడబలుక్కునేలోపట పిల్లలు ఇంటికి పోయి, అన్నం తిని, మళ్ల వస్తరు.

ఆగుండ్రి, ఆగుండ్రి! సొరుగెందుకు తెరుస్తున్నరు? ముద్ర తర్వాత కొట్టొచ్చు. కొత్త పుస్తకాలు యాడికి పోతయ్? గీ తాతను ఎవ్వరూ ఎత్తుకపోరు, నాది పూచీ. కూసోండ్రి. నీళ్లు తాగుతరా?

కోపం గాదు సార్, నవ్వులాటకు అంటున్న. సార్ అంటున్న గాని మీరు నా మనుమని ఈడోళ్లే. యాడనో సముద్రం ఒడ్డు నుంచి మా జహీరాబాదు లైబ్రరీకి కొలువు మీద వచ్చిన్రు. వచ్చినోళ్లు పేపర్లు సదురుకుంట కూసోవచ్చు. కూసోలే. ఆదివారం పొద్దుగాల పిల్లలకు కథలు చెప్పియ్యాలన్నరు. రాత్రి బడిల నెరిసిన తలతోని అ, ఆ దిద్దిన నన్ను పిలిచి, "నాగవ్వా, పుస్తకాలు నువ్వే ఏరు, పాటలు నువ్వే పాడు" అన్నది గూడ మీరే. మా కోడలు బాలమణి ఇప్పటికీ నమ్మదు. "లైబ్రరీల నీకేం పని అత్తా, ఊడుస్తున్నవా?" అంటది. సదువుతున్న అంటె కొంగు నోట్ల పెట్టుకోని నవ్వుతది. నవ్వనియ్యుండ్రి.

పుస్తకం ఎట్ల ఏరుత అని అడిగిన్రు గద ఒకనాడు? ఇయ్యాల చెప్త. ముందుగాల బొమ్మను గోడకు ఆనిచ్చి, గడప దాక పోయి చూస్త. అంత దూరం నుంచి కూడ పిల్లి పిల్లి లెక్కనే కనబడాలె. కుందేలు లెక్క కనబడితె కొట్లాటలైతయ్. తర్వాత ఒత్తులు చూస్త. ఒత్తులు తక్కువుంటె ఆ పుస్తకం నాది. ఎక్కువుంటె? అల్మారిల ఎనుకకు పెడుత. ఆ, ఆ... మీరు దేవులాడుతున్న నీతి కథలు ఆడనే ఉన్నయ్.

గా రష్యా దేశం బొమ్మల పుస్తకం యాదికున్నదా? గుడ్డెలుగు అంగి తొడుక్కోని చాయ తాగుతుంటది. "అవ్వా, చెట్ల మీద తెల్లగ పడ్డదేంది?" అని పిల్లలడిగితె, ఐసుబండి బోల్త పడ్డది బిడ్డా అన్న. నాకేం ఎరుక సార్? నేను మాత్రం మంచు చూసిన్నా? మీరు అల్మారి చాటుకు పోయి నవ్విన్రు. చూడలేదనుకుంటున్నరా?

అంతా మంచిగనే నడిచె, ఆ మక్కల పాట దాక. ఇగ మీ ఫర్మానా వచ్చె. అచ్చయిన పాటలే పాడాలె, నాగవ్వ నోటి పాటలు బంద్! ఎందుకంటె శరణి వాళ్లమ్మ వచ్చి కొట్లాడింది.

శరణి ఎవరన్నదే మరిచిపోతున్నరు మీరు. కొట్లాటే యాదికున్నది మీకు. గా బక్క పిల్ల సార్! బీదర్ అవుతల నుంచి అల్లం తోటల పనికి వచ్చినోళ్ల బిడ్డ. కన్నడం తప్ప ఒక్క ముక్క రాదు. మొదట్ల గడప మీద నిలవడేది. తర్వాత కింద పరిచిన పట్టా కొసకు వచ్చింది. ఆ తర్వాత నా ఎదురుంగ. ఆఖరుకు నా మోకాలు మీద చెయ్యేసి కూసున్నది. నోరు మెదపదు గాని, నేను పేజి తిప్పుతుంటె ఆ చెయ్యి నా మోకాలును గట్టిగ పట్టుకునేది. తర్వాత ఏమైతదో అని! ఆ బిడ్డకు తెలువది ఏందంటె, నాకూ తెలువదు. నేను ముందుగాల ఆఖరు పేజి సదవను సార్. అందరం కలిసే చూస్తం.

ఆనాడు నేనేం పాడిన? మా అమ్మ పాడిన పాటనే పాడిన.

మక్కలు గంపల పోసినము,
మంట మీద పెంక పెట్టినము,
పట పట పట పట ఏయించితె
పక పక నవ్వి పేలినయ్!

మన పిల్లలు చప్పట్లే చప్పట్లు! శరణి చెయ్యి నా మోకాలు మీదికెల్లి లేసింది. గోడకు ఆనుకున్నది. మళ్ల చూస్తె లేదు. చెప్పులు గూడ ఇడిచి ఉరికింది.

మన దిక్కు మక్కలంటె ఏంది? గింజలు, మీ బాసల మొక్కజొన్నలు. వాళ్ల కన్నడంల మక్కలంటె పిల్లలు సార్, పిల్లలు! బిడ్డ ఇంటికి పోయి, "అజ్జి మక్కళ్న హురీతాళ" అన్నదట. అంటె, ముసలవ్వ పిల్లల్ని ఏయిస్తదట! పక్కపొంటి కూసున్న పిల్లలు చప్పట్లు కొడుతరట!

తల్లి ఉరికొచ్చి మీ మీద పడ్డది. ఆమె మాట మీకు తెలువదు, మీ మాట ఆమెకు తెలువదు. మీరేం చేసిన్రు? "సారీ, సారీ" అని చేతులు జోడిచ్చిన్రు. ఆమె ఇంకింత గాబరా పడ్డది. సారు తప్పు ఒప్పుకున్నడు, అయితే నిజంగనే ఏయించిన్రు అని! ఆఖరుకు నేను వచ్చి అడిగి, సంగతి మీకు చెప్పేలోపట ఆమె వెళ్లిపోయింది.

నవ్వుండ్రి, నవ్వుండ్రి. నేను గూడ నవ్విన. మళ్ల ఆదివారం దాక నవ్విన.

ఆదివారం ఆ బిడ్డ రాలే. చెప్పులు గడప కాడ ఎట్లున్నయో అట్లనే ఉన్నయ్. ఇంతింత రబ్బరు చెప్పులు, ఒకదానికి తెగిన పట్టీకి పిన్నీసు. పుస్తకం తెరిచిన. మోకాలు మీద చెయ్యి లేదు. గుడ్డెలుగు కప్పు ఎత్తింది గాని, చాయ తాగలే సార్.

నాకు కన్నడం రాదా అంటె వస్తది. సంతల మిరపకాయలు బేరం చేసేటంత వస్తది. కాని పాట పాడేటప్పుడు మనిషికి అమ్మ బాస ఒక్కటే యాదికుంటది. ఒక్క మాట ఒకరికి పంట, ఒకరికి సంతానం! ఇన్నేండ్లు రెండు బాసల నడుమ బతికి, ఈ సంగతి నాకు ఎప్పుడన్న తట్టిందా?

ఫర్మానాకు ముందుగాల, మక్కలు తీసేసి మొక్కజొన్న పెట్టమన్నరు మీరు. పాడి చూడుండ్రి. "మొక్కజొన్నలు గంపల పోసినము." చూసిన్రా? గంప నిండి కింద పడుతున్నయ్! పాట గాదు, వ్యవసాయం ఆఫీసరు రేడియోల మాట్లాడినట్టున్నది.

మళ్ల సొరుగు మీద చెయ్యి! ముద్ర కావాల్నా? ఇప్పిస్త, జర ఓపిక పట్టుండ్రి.

నిన్న నేను శరణి ఇంటికి పోయిన. చెప్పులు కొంగుల కట్టుకోని, పచ్చి మక్క కంకి ఒకటి పట్టుకోని. తల్లి తలుపు కాడనే నిలవడ్డది, లోపలికి రమ్మనలే. బిడ్డ తల్లి చీర కుచ్చిళ్లల్ల దాసుకున్నది. ఒక్క కన్నే కనబడుతున్నది. నేను అరుగు మీద కూసోని కంకి పొట్టు ఒక్కటొక్కటే ఒలిసిన. గిదే మక్కలు బిడ్డా, మేం ఏయించేటిది గిదే అని చూపిద్దామని. లోపల పీసు బయటవడ్డది, ఎర్రగ, మెత్తగ. అచ్చం జుట్టు!

బిడ్డ మెల్లగ వచ్చింది. ఆ జుట్టు ముట్టుకున్నది. నా మొఖం చూసి అడిగింది సార్, "ఇదర అవ్వ ఎల్లి?" అని. దీని అమ్మ యాడున్నది అని!

నేను మక్కలంటె గింజలని నేర్పుదామని పోయిన. ఆ బిడ్డ నాకు మక్కలంటె పిల్లలని నేర్పింది. తల్లి ఫక్కున నవ్వింది. చాయ పోసింది. బిడ్డ ఆ కంకిని తువ్వాలల సుట్టి ఒళ్లె ఏసుకోని ఊపుకుంట కూసున్నది.

ఇంటికి వచ్చేవరకు మా బాలమణి పొయ్యి మీద పెంక పెట్టింది, మక్కలు ఏయిద్దామని. మొదటి గింజ పటామన్నది చూడుండ్రి, నా గుండె గూడ పటామన్నది. లేసి పెంక దించేసిన. "నీకేమైందత్తా?" అన్నది.

మీతోని ఇంతసేపు కొట్లాడిన గద, నా పాట నేను ఇడువనని? నిజం చెప్పాల్నంటె, ఆ పాట ఇగ నాకే నోట్లకెల్లి వెళ్తలేదు. అందుకే కొస మార్చిన. ఇనుండ్రి.

మక్కలు గంపల కూసున్నరు,
మంట చూసి లేసిన్రు,
పట పట పట పట దుంకిన్రు,
పక పక నవ్వి ఉరికిన్రు!

పేలినయ్ అంటె గింజలు. ఉరికిన్రు అంటె మనుషులు. ఒక్క "న్రు"తోని పిల్లలు పెంక మీదికెల్లి తప్పించుకున్నరు సార్! 'న' కింద రా-ఒత్తు. రాత్రి బడిల దాన్ని చూస్తెనే భయమయ్యేది నాకు, కొడవలి లెక్క ఉంటదని. ఇప్పుడు రాసి చూస్తె ఒడి లెక్క కనబడుతున్నది.

గీ కాయితం మీద రాసిన. అక్షరాలు వంకరున్నయ్, చూడకుండ్రి. మీ పుస్తకాలల్ల దూకారు, ఉరికారు అని ఉంటది, నాకు ఎరుకే. కాని ఆ మాటలతోని మా పిల్లలు దుంకరు. అచ్చయిన పాటలే పాడాలన్నరు గద? గీ కాయితానికి మీ లైబ్రరీ ముద్ర ఒక్కటి గుద్దుండ్రి. ముద్ర పడితె అచ్చయినట్టే గద? ఎవరన్న అడిగితె చూపిస్త.

ఆ, ఇప్పుడు తెరువుండ్రి సొరుగు. మెల్లగ! మెల్లగ సార్!

ఇయ్యాల పొద్దుగాల మన అటెండరు ఈరయ్య తలుపు తీసి ఊడుస్తుంటె ఒక మనిషి వచ్చింది. లోపలంతా తిరిగి చూసింది. "ఇల్లి ఒలి ఇల్లేను?" అని అడిగింది, ఈడ పొయ్యి లేదా అని. పొయ్యి లేదు బిడ్డా, అన్నీ పుస్తకాలే అని నేనన్న. అప్పుడు గాని నమ్మలే. మీ ముద్రల శిక్కాలు పక్కకు జరిపి, తువ్వాల పరిచి, ఆ కంకిని సొరుగుల పండుకోబెట్టింది.

పేపర్ల బల్ల కిందికి చూడకుండ్రి, సిగ్గుపడుతది. చెప్పులేసుకోని కూసున్నది, మీరేం చేస్తరో అని చూసుకుంట.

ముద్ర గట్టిగ గుద్దకుండ్రి సార్. పాప లేస్తది.