సంచీ తగిలించే మేకు

నా రిటైర్మెంటు సభకి అధ్యక్షత వహిస్తున్న పెద్దసారుకి, డాక్టరమ్మలకి, ఈ ఆసుపత్రి లాండ్రీలో నాతో దుప్పట్లు మడిచిన అక్కచెల్లెళ్ళకి దణ్ణాలు. ఒంటిచేత్తో పెడుతున్నానని ఏమీ అనుకోకండి, రెండో చెయ్యి సంచీ మీద ఉంది. చదువు తక్కువదాన్ని, తడబడతానేమోనని నాలుగు ముక్కలు రాసుకొచ్చాను, కళ్ళజోడు పగులుతుందేమోనని రెండు తెచ్చుకున్నాను. (నవ్వులు)

మా రోజుల్లో ఈ గోడకి, సంచీ తగిలించుకోడానికి, పర్మినెంటు వాళ్ళకే మేకు ఉండేది. టెంపరరీ వాళ్ళం సంచీ భుజానేసుకునే పనిచేసేవాళ్ళం, ఎప్పుడు పొమ్మంటారో తెలీదు కదా. పెద్దాడు కడుపున పడితే నన్ను పొమ్మన్నారు. బాలింతగా తిరిగొస్తే నా బల్ల దగ్గర ఇంకొకామె. అప్పటిదాకా చేసిందంతా గాలికి పోయి మళ్ళీ కొత్తదాన్నయ్యాను. చిన్నది పుట్టినప్పుడూ అదే వరస. నాతోపాటు పనిలో చేరిన, ఇదిగో ఈ తమ్ముడు ఈలోగా మేస్త్రీ అయ్యాడు. తల దించుకోకు తమ్ముడూ, నువ్వు కనాల్సిన పని లేకపోయింది, అంతేగా. (నవ్వులు) జుట్టు నెరిశాక నాకూ మేకు దొరికింది. మళ్ళీ పొమ్మంటారేమోనన్న భయంకొద్దీ సంచీ తగిలించలేదు.

కిందటేడు టెంపరరీగా చేస్తున్న మా పిచ్చుకకి, సన్నగా ఉంటుందని అలా పిలుస్తాం, ఆరో నెల రాగానే ఇక ఇంటిదగ్గరే ఉండమన్నారు. ఆ పిల్ల ఏడవలేదు. నా భుజాన ఉన్న సంచీ వైపు చూసి, "నేనూ ముసలిదాన్నయ్యేదాకా మోయాలా పిన్నీ?" అంది.

మర్నాడు పొద్దున్నే, మేకుల మీద సంచులు తీసి భుజానేసుకోండర్రా అని పర్మినెంటు వాళ్ళని బతిమాలాను. నీకేం, రేపోమాపో రిటైరవుతావు, ఊడేది మా ఉద్యోగాలు అని సణిగారు. సణుగుతూనే తీశారు. తనిఖీకొచ్చిన పెద్దసారు, అందరికీ ఎక్కడికి ప్రయాణమని అడిగారు. నేనే చెప్పాను.

"పిచ్చుకని పంపేస్తే, వెనకాలే మేమూ సారూ."

ఆనక సారు పైవాళ్ళతో ఎంత పోట్లాడారో ఆయనకే తెలియాలి. ఇవాళ ఈ గదిలో టెంపరరీ అన్న మనిషి లేదు. (చప్పట్లు) పిచ్చుక జీతంతో కాన్పుకెళ్ళింది, తిరిగి తన బల్ల దగ్గరికే వచ్చింది. అదిగో, బిడ్డతో. టోపీ పెట్టవే, ఫ్యాను గాలి తగులుతోంది.

పొద్దున ఆ పిల్ల మేకు ఊడుతుందేమోనని లాగి చూశాను. లాగి లాగి నా వేలే నొప్పెట్టింది.

పిచ్చుకా, ఈ సంచీ నీ మేకుకి తగిలించు. పెద్దలకి నేను రెండు చేతులా దణ్ణం పెట్టుకోవాలి.

సెలవు.