పెంటయ్య గేర్లు పీకిన సైకిల్

కర్దనూర్ రోడ్డు మీద దేవమ్మ చాయ్ హోటల్ ముందట, కంపెనీలు ఇడిసిపెట్టే యాళ్లకు, నరసరాజు తన గేర్ల సైకిల్‌ను గోడకు ఆనించి నిలబడ్డడు. ఆయన తెల్లాపూర్ల ఒక అపార్ట్‌మెంట్ల సెక్యూరిటీ. అక్కడ ఫ్లాటు ఖాళీ చేసి పోయెటోళ్లు ఇచ్చిన సైకిల్ అది. గేర్ మారిస్తే చెయిన్ ఊడుతది, మార్చకున్నా ఊడుతది. రోజూ ఆలస్యమే. ఇంకోసారి ఆలస్యమైతే ఇగ డ్యూటీకి రావద్దని సూపర్‌వైజర్ చెప్పిండు.

"నాకియ్యి రాజూ," అన్నడు బెంచీ మీద కూసున్న పెంటయ్య. కంపెనీల హెల్పర్ పని బందైనంక ఆయన పొద్దంతా ఈ బెంచీ మీదనే ఉంటడు. "గేర్లు పీకేసి సింగిల్ చేసి ఇస్త. మా బిడ్డ మహిత సైకిల్ గట్లనే చేసిన. ఆ సంగతి నీకు ఎరుకేనా?"

నరసరాజుకు ఎరుక లేదు. దేవమ్మకు ఎరుకనే. ఆమె ఇది జల్దీ ఒడిసేది కాదని స్టవ్ మంట తగ్గించింది. బెంచీ ఆ చివర, మహితతోటి ఒకే కంపెనీల ప్యాకింగ్ పని చేసే సునంద బస్సు కోసం చూసుకుంట చాయ్ తాగుతున్నది.

"మా మహిత మందుల కంపెనీకి పోతది గదా," అని మొదలుపెట్టిండు పెంటయ్య. "గేటు మూసినంక పోతే ఆ పూట పని లేనట్టే. సైకిల్ చూస్తే నీ అసొంటిదే. వెనక పళ్ల చక్రాలు మెట్ల లెక్క ఒకదాని పక్కన ఒకటి, చెయిన్ ఎప్పుడు ఏ మెట్టు మీద కూసుంటదో దానికే తెల్వదు. ఒక ఆదివారం పానా పట్టిన. వెనక ఏలాడే గేర్ ముక్క తీసేసిన, హాండిల్ కాడి వైరు గుంజేసిన, ఆ మెట్ల చక్రం ఇప్పి మామూలు సైకిల్‌కు ఉండే ఫ్రీవీల్ ఒక్కటి ఎక్కించిన. ముందట మూడు చక్రాలుంటె నడిమిది ఉంచిన. చెయిన్ పొడుగైతది గదా, దాన్ని కోసి కురచ చేసి మళ్ల పిన్ను కొట్టిన. ముందటి నుంచి వెనక్కి దారం పట్టినట్టు సీదా ఉండాలె, లేకుంటె మళ్ల ఊడుతది. అంతే పని."

"అంతేనా?" అన్నడు నరసరాజు.

"పని అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జెర తొక్కి చూద్దామని ఎక్కిన. ఒక్క తొక్కు తొక్కిన, మా గల్లీ అయిపోయింది. ఇంకో తొక్కుకు కాలు లేపేసరికి పటాన్‌చెరు. ఇన్ని దినాలు ఆ గేర్లల్ల ఇరుక్కున్న జోరంతా ఒక్కసారి బయటపడ్డదన్నట్టు."

"సిగ్నల్ పడలేదా?"

"పడ్డది. అది పడేలోపల నేను దాటిన. ఇగ హైవే ఎక్కితే ముందట ఒక ట్యాంకర్. దాని పక్క నుంచి పోతుంటే డ్రైవర్, బిహార్ ఆయన, తల బయట పెట్టి 'చాచా, ఇంజన్ కహా హై' అన్నడు. ఇంజన్ ఇంటికాడ పెట్టొచ్చిన అని చెప్పిన. నమ్మిండు. ఎందుకు నమ్మడు, నా గాలికి ఆ ట్యాంకర్ నా ఎంబడి గుంజుకొస్తున్నది మరి. ఇంజన్ బంద్ చేసి కాళ్లు జాపుకొని కూసున్నడు. దాని ఎనక కంటైనర్, కంటైనర్ ఎనక ఇసుక లారీ. కంది దాకా రైలు పోయినట్టే పోయినం."

"కందిల ఆగినవా?" అన్నది దేవమ్మ. ఎక్కడ అడగాల్నో ఆమెకు తెలుసు.

"ఆగుదామనే అనుకున్న. పెద్ద కాలేజీ సార్లు గేటు కాడ జోరు కొలిచే మిషన్ పట్టుకొని నిలబడ్డరు, ఎవరు చెప్పిండ్రో ఏమో. నేను పోయిన. మిషన్ల ఏం పడలే. ఒక సారు అన్నడట, మనిషి రాలేదు, గాలి వచ్చింది అని. ఇంకో సారు పక్క చేను చూపెట్టిండు. నేను పోయిన వేడికి మక్క కంకులు నిలబడ్డ కాడనే కాలినయ్. ఆ రైతు తెలివిగల్లోడు, ఉప్పు కారం నిమ్మకాయ రాసి ఆడనే అమ్ముకున్నడు."

"మాకొక్కటి తేకపోతివి."

"చెయ్యి చాపితే చెయ్యి ఆడనే ఉండిపోతది, దేవమ్మా. అంత జోరు. సంగారెడ్డిల ఏమైందో తెలుసా? నా ముందట ఒకడు సైకిల్ మీద పోతున్నడు, నాకంటే జోరుగ. నాకు రేషమొచ్చింది. నన్ను మించి తొక్కెటోడు ఈ జిల్లాల ఎవడని ఎంబడి పడ్డ. దగ్గరికి పోయి చూస్తే అంగి నా అంగే. వీపు మీద మా ఇంటామె వేసిన అతుకు గూడ ఉన్నది. వాడు నేనే. నాకంటే ముందట పోతున్న."

నరసరాజు చాయ్ గ్లాసు నోటి కాడ ఆపిండు. "మరేం చేసినవ్?"

"పక్కకు జరుగన్నా అని గంట కొట్టిన. జరిగిండు. మంచోడే."

దేవమ్మ నవ్వలేదు, పాలు కలుపుకుంట ఉన్నది. నరసరాజు కొంచెంసేపు తన సైకిల్ దిక్కు చూసిండు.

"సంగారెడ్డి సంగతి ఇడిసిపెట్టు పెంటన్నా," అన్నడు. "చెయిన్ కోసి పిన్ను కొట్టుడు నిజంగ నీకొస్తదా? అది రోడ్డు మీద తెగితే నా నౌకరి పోతది. ఇంట్ల ఇంకో జీతం లేదు."

"నాకు రాక ఎవరికొస్తది," అన్నడు పెంటయ్య. నరసరాజు జేబుల నుంచి తాళం చెవి తీసి ఆయన చేతిల పెట్టబోయిండు.

సునంద గ్లాసు కింద పెట్టింది. గొంతు పెంచకుంటనే అన్నది.

"కాకా, ఆ ఆదివారం నేను మీ ఇంట్లనే ఉన్న. చెయిన్ కోసింది మహిత. ఫ్రీవీల్ ఎక్కించింది మహిత. నువ్వు ఫోన్ పట్టుకొని ఆమెకు రిపేర్ వీడియో చూపిస్తుంటివి. నడుమ ఎవరిదో ఫోన్ వస్తే మాట్లాడుకుంట బయటికి పోతివి. చేతుల నిండ నూనెతోటి ఆమె వీడియో కోసం నీ ఎంబడి ఉరికొచ్చింది."

"మరి తొక్కిందెవరు?" అన్నడు నరసరాజు.

"కాకనే తొక్కిండు. ఇంకా చెయిన్ బిగియ్యలే నాయినా అని మహిత అంటనే ఉన్నది, ఎక్కిండు. గల్లీ దాటలే."

పెంటయ్య తన ఖాళీ గ్లాసు దిక్కు చూసిండు.

"బర్రె అడ్డం వచ్చింది," అన్నడు మెల్లగ.

"బర్రె లేదు కాకా."

నరసరాజు తాళం చెవి మళ్ల జేబుల వేసుకున్నడు. "మహిత ఇంటికి ఎప్పుడొస్తది?" అని సునందను అడిగిండు. ఈ పాటికి వచ్చే ఉంటదని ఆమె చెప్పింది. ఆయన సైకిల్‌ను గోడ కాడి నుంచి తీసి, ఊరి దిక్కు తిప్పి, తోసుకుంట నడిచిండు.

పెంటయ్య లేచి, చెప్పులు ఏసుకొని, ఎంబడి పోయిండు.

"ఆగు రాజూ. ఆమెకు ఉన్నయి రెండే చేతులు. ఫోన్ ఎవరు పట్టుకుంటరు?"

నరసరాజు ఆగలే, గని నడక తగ్గించిండు.

"ఈసారి ఎవరన్న ఫోన్ చేస్తే ఎత్తకు," అన్నడు.

పెంటయ్య సీటు మీద చెయ్యేసి, సైకిల్‌ను ఎనక నుంచి తోసుకుంట నడిచిండు.