ఓరకంటికే కనబడేది

పొలిమేరలో చింతచెట్టు కింద పాడుబడ్డ నుయ్యి ఉంది కదర్రా, మా చిన్నప్పుడు దాని పక్కనుంచి పోవాలంటే మగాళ్ళు కూడా నెత్తిన ఏదో ఒక బరువు పెట్టుకునే పోయేవారు, ఏదీ దొరక్కపోతే మట్టిబెడ్డయినా సరే. ఎందుకో తెలుసా? బరువుంటే మెడ తిన్నగా ఉంటుంది. అక్కడున్నదానికి మెడ విరిగి తల భుజం మీదకి వాలిపోయింది, మనం కూడా అలా తల వాల్చి చూస్తే తప్ప దానికి మనం కనబడం. మనకా, అది ఓరకంటికే కనబడుతుంది, సూటిగా చూశామా, చెట్టు మొదలు తప్ప ఏమీ ఉండదు.

ఆ కట్టుబాటు తప్పింది మా ఊళ్ళో గవరమ్మ ఒక్కతే. మరి ఆమెకి ఇది తెలీదా అంటే, బాగా తెలుసు. కానీ గవరమ్మ చెల్లెలు నూకాలు అంతకు ముందేడే ఆ నూతిలో పడి చచ్చిపోయింది, తల్లిలేని పిల్లని తనే ఎత్తుకుని పెంచిందేమో, దిగులు మనిషిని తినేసింది. రోజూ పొద్దుగూకే వేళ ఏటినుంచి నీళ్ళబిందె ఎత్తుకొస్తుంటే కంటి చివర ఓ ఆడమనిషి నిలబడి ఉండేది, నూకాలు కట్టిన పచ్చకోకే. అది నీ చెల్లెలు కాదే పిచ్చిదానా, నేను కాపరానికొచ్చిన నాటినుంచీ ఉంది, బిందె మాత్రం దించకు అని అత్త సన్యాసమ్మ మొత్తుకుంది. వింటుందా? ఒక్కసారి మొహం చూసుకుంటే చాలనుకుని ఓరోజు బిందె దించేసింది, దించి, తల పక్కకి వాల్చి చూసింది. చూస్తే కోక నూకాలుదే గానీ, మొహం ఎవరిదో, ఎన్నడూ ఎరగని ముసలిమొహం. ఆ మొహమూ గవరమ్మనే చూస్తోంది, చూసి నవ్వింది.

ఆ తర్వాత ఏమైందంటే, గుమ్మంలో కూచున్న సన్యాసమ్మకి కోడలు వస్తూ కనబడింది. తల భుజం మీదకి వాలిపోయి ఉంది, ఆ వాలిన తలమీదే నిండుబిందె, చుక్క కూడా తొణకలేదు. నీళ్ళు తెచ్చానత్తా అంది, గొంతు గవరమ్మదే. ముసలిది గుమ్మంలోంచి తప్పుకుని దారిచ్చింది.

మర్నాడు పుల్లలమోపు నెత్తిన పెట్టుకుని సన్యాసమ్మ ఆ నూతి దారినే పోయింది. ఓరకంటికి గవరమ్మ కనబడింది, మెడ తిన్నగానే ఉంది, రెండు చేతులూ చాపి, నన్నింటికి తీసుకుపో అత్తా అన్నట్టు ఏడుస్తోంది. సూటిగా చూస్తే ఎవరూ లేరు. మోపు దించుదామా అని చెయ్యి పైకి పోయింది, కానీ దించలేదు, భయపడింది మరి, ఎవరు భయపడరు? ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి, లోపలున్నది అన్నం వండి, కంచం పెట్టి, రా అత్తా అని పిలిచింది. ముసలిది కూచుని తింది, ఏం చేస్తుంది?

అంచేత అటు పోకండి. కుళాయి ఇంటి ముందుకే వచ్చింది కదా, ఆ నూతి దగ్గర మీకేం పని?