గోపాలరావు సారు టవరు

గా తీగె ముట్టకు దుర్గాబాయీ, బట్టలారేసే తీగె కాదది. గోపాలరావు సారు రేడియోది, షాక్ కొడ్తది. ఎవలంటవేంది? గీ పక్క కాలనీల ఉంటడు గద, కోస్తా దిక్కు నుంచి వచ్చిన బ్యాంకు సారు. రేడియోల మాట్లాడనీకి సర్కారు లైసెన్సున్నోడు.

బంగ్ల మీద టవరు సూశినవ్ గద? షామీర్‌పేటల బస్సు దిగినోళ్లకు ముందుగాల గదే అవుపడ్తది. నెత్తి మీద చేపముల్లు లెక్క గొట్టాలు, అవి తిప్పనీకి మోటరు. నిలబెట్టిననాడు గల్లీ గల్లీ లడ్డూలు పంచిండు. ఇటలీ పలికిందంటడు, జపాన్ పలికిందంటడు. ఏం మాట్లాడిన్రు సారూ అనడిగిన. "నా గొంతు బాగా వినిపిస్తోందన్నారు కుల్సుమ్" అన్నడు. గంతే ముచ్చట. గీ మాటకు జపాన్ దాక పోవాల్నా?

మొన్న దసరాకు తుఫానొచ్చింది గద. సారు పెండ్లాం పద్మజమ్మ లేదా, ఆమె తమ్ముడు సోంపేట కాడ సముద్రం ఒడ్డున ఉంటడు. ఫోన్లు బందైనయి. ఆ ఊరి బడిల ఇంకో రేడియో ఆయన కూసున్నడని తెలిసి, సారు మోటరు తిప్పిండు, గొంతు పోయేదాక పిలిచిండు. ఇటలీ పలికింది గానీ సోంపేట పలకలే.

గంత ఎత్తు టవరు మాటను దూరం ఇసురుతదంట. మన దేశపు ఊర్ల నెత్తి మీదికెళ్లి దాటిపోతదంట. గీ దగ్గరికైతే కిందికి కట్టిన ఉత్త రాగితీగె సాలంట. సారుకు ముందే ఎర్క. కానీ తీగెల ఇజ్జత్ ఏముంది చెప్పు?

పద్మజమ్మ ఒర్రలే, ఏడ్వలే. "మీ పరువు తర్వాత చూసుకుందాం. ముందు తీగ కట్టండి" అన్నది. కొంగు నడుముల చెక్కి, తీగె చుట్ట పట్టుకొని తనే మా వాకిట్లకొచ్చింది. ఒక కొస వాళ్ల పిట్టగోడకు, ఇంకో కొస మా యాపచెట్టుకు.

కట్టినంక జరసేపటికి సోంపేట పలికింది. ఇల్లు కూలిందంట, తమ్ముడు మాత్రం బడిల పానంతోని ఉన్నడంట. అప్పుడు కూలబడ్డది పద్మజమ్మ, మెట్ల మీద. నా చెయ్యి ఇడిస్తే ఒట్టు.

ఇగ విను. సోంపేట ఖబర్ తెచ్చిండని నిన్న కాలనీవాళ్లు సారుకు శాలువ కప్పిన్రు. మైకుల ఏమన్నడనుకున్నవ్? అంతా టవరు మహిమనే అన్నడు. తీగె పేరు లేదు, పెండ్లాం పేరు లేదు. ఆమె ముందట్ల కూసొని చప్పట్లు కొట్టింది.

ఎట్ల ఊకున్నవమ్మా అనడిగిన.

"తమ్ముడు బతికాడు కుల్సుమ్. ఈయన కూడా బతకాలిగా" అన్నది.