దర్జీ బావ కొలిచిన కరెంటు

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతుకులు వెయ్యడం దర్జీ బావకి వెన్నతో పెట్టిన విద్య. ఆయన మేడ మీద సోలార్ పలకలు బిగించి రెండు నెలలైంది, కరెంటాఫీసు అనుమతి మాత్రం రాలేదు. అదొచ్చాకే అక్క కుట్టుమిషనుకి మోటారు. అందాకా పాపం ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే తొక్కుతోంది. టీ కొట్టులో కథ ఇంకోలా నడుస్తోంది.

“నాకు లెక్కలెక్కడొచ్చు, టేపు తప్ప? మేడంతా కొలిచి, ఎదిగే పిల్లాడికి కుట్టినట్టు కాస్త వదులుగా పది పలకలు పెట్టించా. స్విచ్చి వేశానో లేదో, ఫ్యాను గాల్లోకి లేచింది!”

“మరి ఇంటికప్పు?” అన్నాడు సైకిళ్ళు బాగుచేసే అతను.

“కప్పుతో సహా లేచింది. బుద్ధున్నవాడైతే స్విచ్చి కట్టేస్తాడు, నేను ఫ్యాను రెక్క పట్టుకున్నా. మీ అక్క నా చొక్కా పట్టి లాగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ టీ మబ్బుల మీద తాగేవాణ్ణి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగిలిన కరెంటు తీగలమ్మట పారి వీధి దీపాలన్నీ పట్టపగలే వెలిగాయి. సూర్యుడు దిగొచ్చి, ‘బావగారూ, మీ దగ్గర పనేమైనా ఉందా?’ అన్నాడు!”

టీ కొట్టు పిన్ని నవ్వాపుకోలేక చక్కెర రెండుసార్లు వేసింది.

“ఇంజనీరు పరిగెత్తుకొచ్చి, ‘బాబ్బాబు, తగ్గించండి, ఊళ్ళో మీటర్లన్నీ వెనక్కి తిరుగుతున్నాయి’ అని కాళ్ళ మీద పడ్డాడు!”

బల్ల చివర కూర్చున్న కరెంటాఫీసు లైన్‌మన్ గ్లాసు కింద పెట్టాడు.

“తగ్గించమన్న మాటొక్కటీ నిజం బావా. రెండు ఫ్యాన్లు, ఒక మిషను ఉన్న ఇంటికి మూడు పలకలు చాలు, అంతకే రాసిస్తే రేపే మీటరు బిగిస్తామన్నారు. మిగతావి కంపెనీ వాళ్ళు తీసుకుపోతారు. తగ్గంది నువ్వే.”

దర్జీ బావ గొంతులో టీ అడ్డం పడింది. “ఇంతమందిలో పది అని చెప్పుకున్నాక, మూడంటే నా మాట ఇంకెవడు వింటాడ్రా?”

“మేం వింటాం బావా. అక్క మోకాళ్ళే వినడం లేదు.”

ఎవరూ నవ్వలేదు. ఆయనకి సిగ్గేసింది, నిజంగానే. లేచి చెప్పులేసుకున్నాడు.

“పద, రాసిచ్చేద్దాం. కాకపోతే నాలుగని రాద్దాంరా. వానకి తడిసి పొట్టివైతేనో?”